మా మాస్టారు చెప్పిన ఎమర్సన్

ఈమధ్య ఎమర్సన్ పేరు నాకు ఎక్కువగా కనిపిస్తున్నది వాట్సాప్ గుడ్ మార్నింగ్ మెసేజుల్లో. పూలబొమ్మ, దాని మీద ఒక మంచి మాట, కింద రాల్ఫ్ వాల్డో ఎమర్సన్ అని పేరు, పంతొమ్మిదో శతాబ్దపు అమెరికన్ రచయిత. వాటిలో ఆయన అననివి కూడా బోలెడు. తరచుగా నవ్వడం, తెలివైనవాళ్ళ గౌరవం, చిన్నపిల్లల ప్రేమ సంపాదించుకోవడం, ఇదే విజయం అంటూ ఒకటి ఏళ్ళ తరబడి తిరుగుతోంది కదా, అది ఎమర్సన్‌ది కాదు. ఆయన పోయి ఇరవై ఏళ్ళు దాటాక అమెరికాలో కాన్సాస్‌కి చెందిన బెస్సీ స్టాన్లీ అనే ఆవిడ ఒక పత్రిక పోటీకి రాసి పంపితే బహుమతి వచ్చిన చిన్న వ్యాసం దానికి మూలం. మా ఫ్యామిలీ గ్రూపులో ఈ సంగతి రాస్తే మా తమ్ముడు "ఎవరిదైతే ఏంటక్కా, మాట బావుందా లేదా" అన్నాడు. మాట బావుంది. కానీ నాకు ఎమర్సన్‌ని పరిచయం చేసిన మా ఇంగ్లీషు మాస్టారు ఉండి ఉంటే దాన్ని అలా వదిలేసేవారు కాదు. ఎవరి మాట వాళ్ళకే చెందాలని ఆయనకి పట్టుదల, ఎందుకంటే ఒక మాట చెప్పడానికి ఆ మనిషి ఏం పోగొట్టుకున్నాడో చూడకుండా ఆ మాట విలువ తెలియదు అనేవారు. ఆ మాస్టారి గురించి, ఆయన ద్వారా నాకు తెలిసిన ఎమర్సన్ గురించి రాయాలని చాలా రోజుల్నుంచీ అనుకుంటున్నా, ఇవాళ్టికి కుదిరింది.

ఎనభైల మొదట్లో నేను బీఏ చదివింది గుంటూరు జిల్లాలో ఒక చిన్న టౌన్లో. రెండు వరసల పెంకుల గదులు, మధ్యలో వేపచెట్లు, చివర సైకిల్ స్టాండు, అదీ కాలేజీ. మాస్టారు కూడా సైకిల్ మీదే వచ్చేవారు. హ్యాండిల్‌కి గుడ్డసంచీ, అందులో రెండు పుస్తకాలు, సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడైతే వాటి మీద గోంగూర కట్టలు. మా టెక్స్ట్‌బుక్‌లో ఎమర్సన్ 1841లో అచ్చువేసిన వ్యాసాల పుస్తకం నుంచి 'సెల్ఫ్ రిలయన్స్' (తనని తాను నమ్ముకోవడం) తాలూకు కొన్ని పేజీలు పాఠంగా పెట్టారు. టెన్త్ దాకా తెలుగు మీడియంలో చదివొచ్చిన మాకు ఆ ఇంగ్లీషు కొరుకుడు పడేది కాదు, అందుకని పాఠం మొదలవకముందే అందరం గైడు కొనేసుకున్నాం.

మొదటి రోజు ఆయన పాఠం ఒకసారి పైకి చదివి, ఇందులో ఈయన ఏమంటున్నాడో ఎవరైనా చెప్పండి అన్నారు. ముందు బెంచీలో అమ్మాయి లేచి గైడులో పేరా పొల్లుపోకుండా అప్పజెప్పింది. మాస్టారు చివరిదాకా విన్నారు. "బాగా గుర్తుపెట్టుకున్నావమ్మా. ఇది గైడు రాసినాయన అనుకున్నది. నువ్వు చదివావు కదా, నీకేమనిపించింది?" అని అడిగారు. ఆ అమ్మాయి నిలబడే ఉంది. మాలో ఒక్కరం కూడా నోరు తెరవలేదు. మొండితనం కాదు, బిడియమూ కాదు. పాఠం చదివాక మనకంటూ ఏదో ఒకటి అనిపించొచ్చని, అది క్లాసులో చెప్పొచ్చని అప్పటిదాకా మాకెవరూ చెప్పలేదు, అంతే. ఆయన ఆ వారమంతా పాఠం ముందుకి జరపలేదు. రోజూ ఒక్కొక్కరిని లేపి అదే ప్రశ్న. సిలబస్ పూర్తికాదని మాకు టెన్షన్, ఆయనకి లేదు.

ఆ వ్యాసం మొదట్లోనే ఒక మాట ఉంటుంది. గొప్పవాళ్ళు రాసినవి చదువుతున్నప్పుడు, మనకి ఒకప్పుడు తోచి మనమే పారేసుకున్న ఆలోచనలు ఎదురుపడతాయట, పరాయివై, ఎక్కడలేని దర్జాతో తిరిగి వస్తాయట. మాస్టారు ఈ వాక్యం చదివి, "ఇది మీలో ఎవరికైనా జరిగిందా?" అన్నారు. నాకు వెంటనే మా మేనత్త గుర్తొచ్చింది. అత్తయ్య చిన్నవయసులోనే భర్తని పోగొట్టుకుని మా ఇంట్లోనే ఉండేది. మా ఇంట్లో ఏ పేరంటం జరిగినా పిండివంటలన్నీ అత్తయ్యే చేసేది, ముత్తైదువలు వచ్చే వేళకి మాత్రం వెనక వసారాలోకి వెళ్ళి కూర్చునేది. నాకు పదేళ్ళప్పుడు, అరిసెలు అన్నీ తను చేసి తనే ఎందుకు రాకూడదు అని నానమ్మని అడిగాను. నోర్మూసుకో అంది నానమ్మ, మూసుకున్నాను. తర్వాత హైస్కూల్లో కందుకూరి వీరేశలింగం గారి పాఠం వచ్చింది. 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారని, ఊరు ఊరంతా ఎదురు తిరిగినా వెనక్కి తగ్గలేదని మా టీచర్ గొప్పగా చెప్పింది, మేం అంతకంటే గొప్పగా పరీక్షలో రాశాం, పది మార్కులకి. అదంతా లేచి క్లాసులో చెప్పాను. తెలుగులోనే చెప్పాను. మాస్టారు కాసేపు ఏమీ అనకుండా, "ఈ పాఠం నీకు అర్థమైందమ్మా, ఇంక గైడు చూడకు" అన్నారు. చదువుకున్నన్నాళ్ళలో నాకు దక్కిన మెప్పుల్లో నేను ఇప్పటికీ దాచుకున్నది అదొక్కటే. (ఎమర్సన్ పోయింది 1882 ఏప్రిల్ 27న. అంటే రాజమండ్రిలో ఆ పెళ్ళి జరిగే నాటికి ఆయన అమెరికాలో తన కాంకర్డ్ ఊళ్ళో బతికే ఉన్నాడు, జ్ఞాపకశక్తి పోయి. ఇద్దరికీ ఒకరితో ఒకరికి పరిచయం లేదు, కానీ నా మనసులో ఇద్దరూ ఆ ఒక్క పీరియడ్ వల్ల ఎప్పటికీ పక్కపక్కనే ఉండిపోయారు.)

మాస్టారు వ్యాసం కంటే ముందు మనిషిని చెప్పేవారు. అది ఆయన పద్ధతి. ఎమర్సన్ 1803లో బోస్టన్లో పుట్టాడు. తండ్రి చర్చిలో పాస్టరు, పిల్లవాడికి ఎనిమిదేళ్ళు నిండకముందే పోయాడు. తల్లి ఇంట్లో మనుషుల్ని అద్దెకి పెట్టుకుని, వాళ్ళకి వండిపెట్టి పిల్లల్ని సాకింది. అక్కడ చలికాలం అంటే ఏమిటో మనకి ఊహకి అందదు, అలాంటి చలిలో అన్నదమ్ములిద్దరికీ కలిపి ఒకటే కోటు. ఇవాళ కోటు వంతు ఎవరిది అని బళ్ళో పిల్లలు ఏడిపించేవారట. ఈ ఒక్క ముక్క చెప్పగానే మా క్లాసులో సగంమందికి ఎమర్సన్ సొంతమనిషైపోయాడు, ఎందుకంటే అన్న చొక్కా తొడుక్కుని కాలేజీకి వచ్చినవాళ్ళు మాలో చాలామందే ఉన్నారు.

ఇంకొకావిడ గురించి కూడా చెప్పేవారు, ఎమర్సన్ మేనత్త మేరీ మూడీ ఎమర్సన్. పెళ్ళి చేసుకోలేదు. పెద్దగా బడికి వెళ్ళలేదు, కానీ దొరికిన పుస్తకమల్లా చదివేది. మనిషి చాలా పొట్టి. చావంటే భయం లేదని, తనకోసం కుట్టించుకున్న శవవస్త్రాన్నే పగలు గౌనులా తొడుక్కుని తిరిగేదట. తండ్రి లేని ఆ పిల్లల్ని కూర్చోబెట్టి, దేనికి భయపడుతున్నావో అదే చెయ్యి అని నూరిపోసింది ఆవిడే. ఆ మాటని ఎమర్సన్ తర్వాత తన 'హీరోయిజం' వ్యాసంలో, చిన్నప్పుడు ఒకరికి చెప్తుండగా విన్న గొప్ప సలహా అని రాసుకున్నాడు. నా మటుకు నాకు ఎమర్సన్ కంటే ఈవిడ గురించి వినడమే ఎక్కువ ఇష్టంగా ఉండేది. ఎవరి కాళ్ళ మీద వాళ్ళు నిలబడాలని ప్రపంచానికి చెప్పినాయన్ని నిలబెట్టింది ఒక మేనత్త.

ఇక అసలు సంగతి 1832. అప్పటికి ఎమర్సన్ బోస్టన్లో పేరున్న సెకండ్ చర్చికి పాస్టరు. మంచి జీతం, గౌరవం, తండ్రి చేసిన ఉద్యోగమే. అంతకు ముందు ఏడాదే, 1831 ఫిబ్రవరిలో, భార్య ఎలెన్ పంతొమ్మిదేళ్ళకే క్షయతో పోయింది, పెళ్ళయి రెండేళ్ళు కూడా కాలేదు. ఇలాంటి సమయంలో ఎవరైనా ఉన్నదాన్ని పట్టుకుని ఉంటారు. ఆయన మాత్రం, చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభురాత్రి భోజన సంస్కారం మీద నాకు నమ్మకం లేదు, నమ్మకం లేనిదాన్ని మీకు నా చేత్తో పంచలేను అని సెప్టెంబరులో అందరి ముందూ ప్రసంగంలో చెప్పేసి రాజీనామా ఇచ్చాడు. ఆ ప్రసంగంలో ఎవరినీ తిట్టలేదు. మీరు చేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు, మనస్ఫూర్తిగా చెయ్యలేని పని ఏదీ ఈ పదవిలో ఉండి నేను చెయ్యదలచుకోలేదు, ఇదీ సారాంశం. మాస్టారు ఇక్కడ పుస్తకం మూసి, "ఇది 1832, వ్యాసం 1841. చేసిన తొమ్మిదేళ్ళకి రాశాడు. రాసి ఊరుకున్నవాడు కాదు" అనేవారు.

ఆయన ఎమర్సన్ గురించి చెప్పినవన్నీ కలిపితే నాకు మిగిలిన విషయం ఇదే. నిన్ను నువ్వు నమ్ముకో అన్న మాట ఇవాళ మోటివేషన్ క్లాసుల్లో, నీకు కావలసింది నువ్వు లాక్కో అన్న అర్థంలో వాడుతున్నారు, కాని ఎమర్సన్ అన్నది అది కాదు. నీ కంటికి కనిపించిన నిజాన్ని పదిమంది కాదన్నారని పారేసుకోకు, దాన్ని నీ నోటితో చెప్పు, చెప్పినందుకు అయ్యే నష్టం నువ్వే భరించు. ఈ చివరి భాగం లేకపోతే మొదటిది ఒట్టి పొగరు. 1838లో హార్వర్డ్ డివినిటీ స్కూల్లో చదువు ముగించుకుని వెళ్ళే విద్యార్థుల ముందు ఇలాగే మాట్లాడితే, అది నాస్తికత్వమని పెద్దవాళ్ళు మండిపడ్డారు, తను చదువుకున్న హార్వర్డ్ మళ్ళీ ఆయన్ని పిలవడానికి దాదాపు ముప్పై ఏళ్ళు పట్టింది. దానికి జవాబుగా ఆయన కరపత్రాలేమీ వెయ్యలేదు. ఊరూరా తిరిగి ఉపన్యాసాలు ఇచ్చుకున్నాడు, జీవితంలో మొత్తం 1,500 దాకా.

మా కాలేజీలో సంస్కృతం చెప్పే పంతులుగారు ఒకాయన ఉండేవారు. మాస్టారికి మంచి స్నేహితుడు, రోజూ వాదన. ఒకరోజు వేపచెట్టు కింద మా ఎదురుగానే, "ఏవండీ, మీ ఎమర్సన్ చెప్పిందంతా మన గీతలో ఉన్నదే. అనుకరణ అంటే ఆత్మహత్య అన్నాడు అంటున్నారు, శ్రేయాన్ స్వధర్మో విగుణః, లోపాలున్నా ఎవరి ధర్మం వాళ్ళకే మేలు అని కృష్ణుడు ఎప్పుడో చెప్పాడు" అన్నారు. మాస్టారు కాదనలేదు. కానీ తేదీలు చెప్పారు. చార్లెస్ విల్కిన్స్ గీతని ఇంగ్లీషులోకి చేసింది 1785లో. ఎమర్సన్ దాని గురించి ముందే విన్నాడు, ముక్కలు ముక్కలుగా కొంత చదివాడు, కానీ పుస్తకం చేతికొచ్చింది 1845లో. అప్పటికి ఈ వ్యాసం అచ్చయి నాలుగేళ్ళు. తర్వాత డైరీలో, గీత పుణ్యమా అని ఒక మహత్తరమైన రోజు గడిపాను, పుస్తకాల్లో మొదటిది ఇది, ఒక సామ్రాజ్యమే మనతో మాట్లాడుతున్నట్టుంది అని మురిసిపోయి రాసుకున్నాడు. "అంటే ఆయన మన దగ్గర తీసుకోలేదు పంతులుగారూ, తన మాట ఇక్కడ కనిపించి సంబరపడ్డాడు. అది ఇంకా గొప్ప కదా?" అన్నారు మాస్టారు. పంతులుగారు ఒప్పుకున్నారో లేదో గానీ, మర్నాడు విష్ణుపురాణం పట్టుకొచ్చారు.

ఎందుకంటే ఎమర్సన్ 'హమాత్రేయ' అనే పద్యం విష్ణుపురాణం ఆధారంగానే రాశాడు. తన ఊరు కాంకర్డ్‌లో పొలాలు దున్నుకుని, ఇది నాది, నా పిల్లలది అనుకున్న పాతకాలపు భూస్వాముల పేర్లన్నీ వరసగా చెప్పి, వాళ్ళంతా ఇప్పుడు ఎక్కడ అంటే వాళ్ళ పొలం కిందే నిద్రపోతున్నారు అంటాడు. తర్వాత భూమి పాడుతుంది. ఆ పేర్లలో మొదటిది బల్కీలీ, అంటే ఆ ఊరిని స్థాపించినవాళ్ళలో ఒకరు, స్వయంగా ఎమర్సన్ పూర్వీకుడు. తన వంశాన్నే ముందు నిలబెట్టి అడిగాడు. పంతులుగారు ఆ పురాణంలో భూమి నవ్వే ఘట్టం చదివారు, ఆ వెంటనే పోతన బలిచక్రవర్తి నోట పలికించిన "కారే రాజులు" పద్యం రాగం తీసి పాడారు. రాజులు కాలేదా, రాజ్యాలు కలగలేదా, వాళ్ళంతా ఏరీ, సిరిని మూటగట్టుకుపోగలిగారా అని. ఇంగ్లీషు, సంస్కృతం, తెలుగు మూడూ ఒకే గంటలో ఒకే చెట్టు కింద విన్నాం. అలాంటి గంట మళ్ళీ ఏ యూనివర్సిటీలోనూ నాకు దొరకలేదు. చాలా తర్వాత తెలిసింది, గాంధీగారు 1909లో ప్రిటోరియా జైలు నుంచి కొడుకు మణిలాల్‌కి రాసిన ఉత్తరంలో, ఎమర్సన్ వ్యాసాల్లో ఉన్నది ఒక పాశ్చాత్య గురువు నోట వచ్చిన భారతీయ జ్ఞానమే అన్నారని. పంతులుగారికి ఇది చెప్పి ఉంటే ఎంత సంతోషించేవారో.

ఇవన్నీ చెప్పి, మాకు నచ్చని చోటు ఒకటుంది, అది చెప్పకపోతే తప్పవుతుంది. ఆ వ్యాసంలోనే ఒక దగ్గర, బీదలందరినీ బాగు చెయ్యడం నీ బాధ్యత అంటూ నాకు చెప్పకండి, వాళ్ళు నా బీదలా, నాకు చెందనివాళ్ళకి ఇచ్చే ప్రతి డాలరూ, ప్రతి సెంటూ నాకు కష్టంగానే ఉంటుంది అంటాడు. మా టెక్స్ట్‌బుక్‌లో ఇది లేదు. మాస్టారే పూర్తి వ్యాసం తెచ్చి చదివి వినిపించారు, దాచకూడదని. సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో ఉండి చదువుకునే కుర్రాడు ఒకడు చివరి బెంచీలోంచి లేచాడు. "మరి నేనెవరి బీదవాణ్ణి సార్?" అన్నాడు. గొంతులో కోపం ఉంది. "హాస్టల్ లేకపోతే నేను మా ఊళ్ళో మిరపకోతల్లో ఉండేవాణ్ణి. ఈయన పుస్తకం నా చేతికి వచ్చిందంటే నాకు సంబంధం లేనివాళ్ళ డబ్బుతోనే వచ్చింది." క్లాసంతా బిగుసుకుపోయింది. మాస్టారు ఎమర్సన్ తరఫున వాదించలేదు. "నువ్వు అన్నది సరైనదే. ఆయన నా గురువని నేను ఆయన్ని వెనకేసుకురాను. అలా వెనకేసుకొస్తే ఆయన చెప్పింది నాకు అర్థం కానట్టు" అన్నారు. ఆ కుర్రాడి చేత ఆ వాదనంతా ఇంగ్లీషులో రాయించి, దిద్ది, కాలేజీ మ్యాగజైన్‌లో వేయించారు. తర్వాత ఆ అబ్బాయి లెక్చరర్ అయ్యాడని విన్నాను.

ఆ పేరా విషయంలో నేను ఇప్పటికీ హాస్టల్ కుర్రాడి పక్షమే. ఎమర్సన్ తండ్రిలేని పిల్లవాడిగా కోటు పంచుకుని పెరిగాడు, నిజమే, కానీ పెద్దయ్యాక ఎలెన్ వాటా కింద వచ్చిన ఆస్తి ఆయన్ని తిండికి వెతుక్కునే అవసరం లేకుండా కాపాడింది. అది లేకపోతే చర్చి జీతం వదిలేసి రాసుకుంటూ కూర్చోవడం అంత తేలిగ్గా కుదిరేది కాదు. అయితే ఆయన జీవితం ఆ పేరా దగ్గరే ఆగిపోలేదు. 1838లోనే చెరోకీ తెగవాళ్ళని వాళ్ళ నేల మీద నుంచి తరిమేస్తుంటే అధ్యక్షుడు వాన్ బ్యూరెన్‌కి బహిరంగంగా ఉత్తరం రాశాడు. 1850లో, పారిపోయి వచ్చిన బానిసల్ని పట్టి యజమానులకి అప్పగించాలని చట్టం చేస్తే, మరుసటి ఏడాది డైరీలో, దేవుడి తోడు, దీన్ని నేను పాటించను అని రాసుకున్నాడు, ఊళ్ళో సభలో నిలబడి ఆ చట్టాన్ని ఖండించాడు. నా బీదలా అని అడిగిన మనిషి ఆ ప్రశ్నకి తన బతుకుతోనే వేరే జవాబు చెప్పుకున్నాడని నాకనిపిస్తుంది.

మేం ఫైనలియర్‌లో ఉండగా మాస్టారి రెండో అబ్బాయి పోయాడు. మెదడువాపు జ్వరం, మూడు రోజుల్లో అయిపోయింది. ఎలిమెంటరీ స్కూల్లో చదివేవాడు, కాలేజీకి వచ్చి సైకిల్ స్టాండు దగ్గర ఆడుకునేవాడు, మా అందరికీ తెలుసు. మేమంతా వెళ్ళాం. వచ్చినవాళ్ళందరూ అనేవి అంటున్నారు, దేవుడికి ఇష్టమైనవాళ్ళని త్వరగా తీసుకెళ్తాడని, రుణం తీరిపోయిందని. మాస్టారు అందరికీ తలూపుతూ కూర్చున్నారు. దినాలు అయ్యాక కాలేజీకి వచ్చి, సిలబస్‌లో లేని 'ఎక్స్‌పీరియన్స్' వ్యాసం తీశారు. ఎమర్సన్ పెద్దకొడుకు వాల్డో 1842 జనవరిలో స్కార్లెట్ జ్వరంతో పోయాడు, అయిదేళ్ళ పిల్లవాడు. ఎదురింటి పిల్లలా వచ్చిపోయే తొమ్మిదేళ్ళ లూయిసా ఆల్కాట్, తర్వాత పెద్ద రచయిత్రి అయింది, వాల్డోకి ఎలా ఉందో కనుక్కు రమ్మని ఇంట్లోవాళ్ళు పంపితే గుమ్మం దగ్గరికి వెళ్ళింది. ఎమర్సన్ బయటికొచ్చి, పాపా, వాడు చనిపోయాడు అని ఒక్కమాట చెప్పి లోపలికి వెళ్ళిపోయాడట. రెండేళ్ళ తర్వాత రాసిన ఆ వ్యాసంలో, కొడుకు పోతే ఒక అందమైన ఎస్టేటు పోయినట్టుంది, అంతకుమించి ఏం కాలేదు, దుఃఖం నాకు ఏమీ నేర్పలేకపోయింది, నా దుఃఖమల్లా అదే అంటాడు.

మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఇంత రాయిలాంటి మనిషా అనిపించింది. మాస్టారు పుస్తకం బల్ల మీద పెట్టి, "ఈ పదిహేను రోజుల్లో చాలామంది నన్ను ఓదార్చారు. అందరూ మంచివాళ్ళే. కానీ నాతో నిజం చెప్పింది ఈయనొక్కడే. దుఃఖం మనిషిని గొప్పవాణ్ణి చేస్తుందని చెప్తారు. నన్నేం చెయ్యలేదు. వాడు లేడు, నేను అన్నం తింటున్నాను. ఆ మాట బయటికి చెప్పడానికి ధైర్యం కావాలి, అది ఈయన దగ్గర దొరికింది" అన్నారు. అన్నాక నల్లబల్ల తుడిచి, మామూలుగా వ్యాసం మొదటి వాక్యం నుంచి పాఠం చెప్పారు. గంట కొట్టినా ఎవరం లేవలేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత మావారు పోయినప్పుడు, నాకూ ఏడుపు రావాల్సిన టైముకి రాక, అందరూ నన్ను వింతగా చూస్తుంటే, నాలో ఏదో లోపం ఉందని కుమిలిపోకుండా నన్ను కాపాడింది ఆ పీరియడ్ పాఠమే.

మా అమ్మాయి మసాచుసెట్స్‌లో ఉద్యోగంలో చేరాక నేను కాంకర్డ్ చూశాను. ఆయన ఇల్లు ఇప్పటికీ ఉంది, తెల్లటి చెక్క ఇల్లు. ఆయన రాసుకున్న గది సామానంతా ఎదురుగా ఉన్న కాంకర్డ్ మ్యూజియంలో పెట్టారు. గుండ్రటి బల్ల, ఊగే కుర్చీ, పుస్తకాల అల్మారాలు. మా అమ్మాయి "అమ్మా, మీ మాస్టారు ఉంటే ఇక్కడ్నుంచి కదిలేవారు కాదేమో" అంది. నిజంగానే కదిలేవారు కాదు. స్లీపీ హాలో శ్మశానంలో రచయితల గుట్ట అని ఉంది. ఎమర్సన్ స్నేహితుడు, రచయిత హెన్రీ థోరో సమాధి మీద హెన్రీ అని మాత్రమే ఉండే చిన్న రాయి, దాని చుట్టూ జనం పెట్టి వెళ్ళిన పెన్సిళ్ళు. ఎమర్సన్‌ది చెక్కని గులాబీరంగు స్ఫటికశిల, మనిషి ఎత్తు బండ. థోరో 1845లో వాల్డెన్ చెరువు ఒడ్డున గుడిసె వేసుకుని ఒంటరిగా బతికాడని లోకమంతా చెప్పుకుంటుంది, ఆ గుడిసె వేసుకున్న నేల ఎమర్సన్‌ది.

ఆ ఊళ్ళో విన్నవాటిలో నన్ను అన్నిటికంటే కదిలించింది 1872 జులైలో ఆయన ఇల్లు తగలబడ్డ సంగతి. తెల్లవారుజామున మంటలు. ఊరివాళ్ళు పరిగెత్తుకొచ్చి పుస్తకాలు, రాతప్రతులు, సామాను చేతులు మార్చుకుంటూ బయటికి చేర్చారు. పైకప్పు పోయింది. అప్పటికి ఆయనకి అరవై తొమ్మిదేళ్ళు, మతిమరుపు మొదలైంది, ఈ దెబ్బకి మరీ కుంగిపోయాడు. స్నేహితులు చందాలు పోగుచేసి ఇచ్చారు. మొదట వద్దన్నాడు, తర్వాత తీసుకున్నాడు. కూతురు ఎలెన్‌ని వెంటబెట్టుకుని యూరప్, ఈజిప్టు తిరిగొచ్చాడు. ఆ కూతురికి పోయిన మొదటి భార్య పేరు పెట్టమన్నది రెండో భార్య లిడియన్, ఆవిడ మనసు ఎంత పెద్దదో చూడండి. 1873 మే నెలలో రైలు దిగేసరికి చర్చి గంటలు మోగుతున్నాయి, బ్యాండుమేళం, బడిపిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. వాళ్ళంతా ఆయన్ని ఇంటిదాకా తీసుకెళ్ళారు. ఇల్లు ఎలా ఉండేదో అలాగే మళ్ళీ కట్టి ఉంది. ఒకరిచ్చేది పుచ్చుకోవడం మీద అంత కటువుగా రాసిన మనిషి, ఊరంతా కలిసి నిలబెట్టిన ఆ ఇంట్లోనే చివరి తొమ్మిదేళ్ళూ గడిపాడు. ఆ సంగతి విన్నాక నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

ఆయన్ని చదవాలనుకునేవాళ్ళకి నాకు తెలిసిన దారి ఒకటి చెప్తాను. కొటేషన్లు వెతక్కండి. 'సెల్ఫ్ రిలయన్స్' మొత్తం చదవండి, కష్టంగా ఉంటుంది, వాక్యానికీ వాక్యానికీ లంకె దొరకదు, ఎందుకంటే యాభై ఏళ్ళకి పైగా రాసుకున్న డైరీల్లోంచి ఏరి కూర్చినవి ఆయన వ్యాసాలు. రోజుకి రెండు పేజీలు చాలు. 'ఎక్స్‌పీరియన్స్' ఇరవై ఏళ్ళప్పుడు ఒకసారి, యాభై దాటాక ఇంకోసారి చదవండి, రెండూ ఒకే వ్యాసంలా ఉండవు. 'హమాత్రేయ' చదివేటప్పుడు పోతన భాగవతం అష్టమ స్కంధం పక్కన పెట్టుకోండి. నా బీదలా అన్న పేరా దగ్గరికి వచ్చాక కోపం వస్తే పుస్తకం మూసెయ్యకండి, మార్జిన్‌లో మీ జవాబు రాసి ముందుకి వెళ్ళండి. నా కాపీలో ఆ పేజీ పక్కన హాస్టల్ కుర్రాడి ప్రశ్న రాసుకున్నాను, దాని కింద మా అమ్మాయి ఇంకేదో రాసింది, నాతో ఏకీభవించకుండా.